పాపని ఆరో తరగతికి హాస్టల్‌లో వేసే ముందు: ఒక సిక్ రూమ్ నర్సు మాట

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది నరసరావుపేట దగ్గర పల్లెటూరు, పాప ఐదో తరగతి, మీవారికి ఊళ్లో పత్తి, మిర్చి కొనే కాటా ఉంది. నవోదయ పరీక్షా రాయించారు, సైనిక్ స్కూల్ పరీక్షా రాయించారు. రెండింటి ఫలితాలూ ఇంకా రాలేదు. ఈలోపు విజయవాడ వైపు ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలు వాళ్లు నెలాఖరులోగా నలభై వేలు అడ్వాన్స్ కట్టకపోతే సీటు ఉండదంటున్నారు. మీ ఆడపడుచు కట్టేయమంటోంది. మీ అత్తగారేమో ఆడపిల్లని పంపొద్దంటున్నారు. మూడింట్లో ఏది మంచిదో చెప్పమని అడిగారు.

నేను టీచర్‌ని కాను. 26 ఏళ్లు రెసిడెన్షియల్ స్కూళ్లలో స్టాఫ్ నర్సుగా చేశాను. మొదట గురుకులంలో కాంట్రాక్టు మీద, తర్వాత రెండు ప్రైవేటు స్కూళ్లలో. మా అబ్బాయి నవోదయలో చదివాడు. కాబట్టి ర్యాంకులు, బోర్డు రిజల్టులు నన్నడక్కండి, చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. పిల్లలు క్లాసులో ఉండేది ఆరేడు గంటలు. మిగతా టైములో వాళ్లు ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, ఎందుకు ఏడ్చారు అన్నది చివరికి నా గది దాకా వచ్చేది. నాకు తెలిసింది అదే, చెప్పేదీ అదే.

ముందు ఆ నలభై వేల సంగతి. తొందరపడి కట్టకండి. నవోదయ పరీక్ష అయ్యాక ఫలితం రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ తర్వాత చేరని పిల్లల సీట్లకి వెయిటింగ్ లిస్టు నుంచి పిలుస్తారు, అది ఇంకా ఆలస్యం. ప్రైవేటు వాళ్లకి ఈ లెక్కంతా తెలుసు, అందుకే అంతకుముందే గడువు పెడతారు. నేను పనిచేసిన రెండు ప్రైవేటు స్కూళ్లలోనూ "సీట్లు అయిపోయాయి" అన్న మాట జనవరి నుంచి వినిపించేది, పిల్లలు మాత్రం జూలైలో కూడా పెట్టె పట్టుకుని దిగేవారు. కట్టక తప్పదనిపిస్తే ఒక్కటి అడగండి: నవోదయలోనో సైనిక్‌లోనో సీటొస్తే ఇందులో ఎంత, ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టివ్వమనండి. నోటిమాటగా "చూద్దాం మేడమ్" అన్నారంటే ఆ డబ్బు పోయిందనే అనుకోండి.

ఇక మీ మూడింటి సంగతి.

నవోదయ వస్తే నేనైతే ముందు అటే చూస్తాను. నా కొడుకు అక్కడ చదివాడన్న పక్షపాతం కొంత ఉందనుకోండి. మీ పాపకి వచ్చేది చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉన్న విద్యాలయం. మీ ఊరి నుంచి పొద్దున బయల్దేరి పాపని చూసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. ఈ దూరం విషయం చిన్నది కాదు, మళ్లీ చెప్తాను. విద్యాలయానికి ఆరో తరగతిలో 80 సీట్లు. అందులో కనీసం ముప్పావు వంతు పల్లెటూరి పిల్లలకి, మూడోవంతు ఆడపిల్లలకి. చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు, పరుపు అన్నీ వాళ్లవే. తొమ్మిదో తరగతి నుంచి నెలకి కొంత వికాస నిధి అనే ఫీజు తీసుకుంటారు గానీ ఆడపిల్లలకి అదీ లేదు. ఒక్క విషయం ముందే తెలుసుకోండి. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపుతారు, అక్కడి పిల్లలు ఇక్కడికొస్తారు. మా వాడు వెళ్లొచ్చాడు. వెళ్లేముందు నేను ఏడ్చాను, తిరిగొచ్చేటప్పుడు వాడు ఏడ్చాడు. మీ అత్తగారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది.

ఇంకోటి. ఆరో తరగతి నవోదయ పరీక్ష జన్మలో ఒక్కసారే రాయనిస్తారు. ఈసారి రాకపోతే ఐదోక్లాసు మళ్లీ చదివించి రాయిద్దామని కోచింగ్ వాళ్లు సలహా ఇస్తారు. వినకండి, నిబంధన ఒప్పుకోదు.

సైనిక్ స్కూల్ అంటే మన రాష్ట్రంలో పాతవి రెండు: విజయనగరం దగ్గర కోరుకొండ, రాయలసీమలో కలికిరి. కోరుకొండది 1962 నాటిది, కలికిరి 2014లో మొదలైంది. ఆడపిల్లల్ని తీసుకోవడం ఈమధ్యే, 2021-22 నుంచి. వాళ్ల సీట్లు తక్కువ, పదిశాతమో లేక కనీసం పదో. ఇక్కడ ఫీజు ఉంది, ఏడాదికి లక్ష దాటుతుంది. ఆదాయాన్ని బట్టి రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంటుంది, ఎంతవరకు వస్తుందో చేరేముందే లెక్క తేల్చుకోండి. చదువూ క్రమశిక్షణా మంచివే. కానీ అది సైన్యంలో ఆఫీసర్లని తయారుచేయడానికి పెట్టిన బడి. 2022 నుంచి ఎన్‌డీఏలో, అంటే సైన్యంలో ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో, అమ్మాయిలూ చేరుతున్నారు కాబట్టి ఆ దారి మీ పాపకి తెరిచే ఉంది. పాపకి పొద్దున్నే లేచి పరుగెత్తడం ఇష్టమా, ఆటల్లో దెబ్బ తగిలితే దులుపుకుని లేస్తుందా? అలాగైతే ఆలోచించండి. "డిసిప్లిన్ వస్తుంది" అని మాత్రమే పంపొద్దు. పైగా మీ ఊరి నుంచి రెండూ ఒక రాత్రి ప్రయాణం. పాపకి జ్వరమొస్తే మీరు చేరేసరికి మర్నాడు అవుతుంది.

గురుకులాల సంగతి మీరు అడగలేదు. వాటిల్లో ప్రవేశం ఐదో తరగతికే కాబట్టి మీకు ఆ బండి వెళ్లిపోయింది. ఆరు, ఏడు తరగతుల్లో మిగిలిన సీట్లకి ఏపీఆర్‌ఎస్ (ఆంధ్రప్రదేశ్ రెసిడెన్షియల్) స్కూళ్లు నోటిఫికేషన్ ఇస్తుంటాయి, వేసవిలో ఒక కన్నేసి ఉంచండి. గురుకులం అంటే చులకనగా చూసేవాళ్లకి నేనొకటే చెప్తాను. 1971లో పీవీ నరసింహారావు గారు నల్గొండ జిల్లా సర్వేలు అనే ఊళ్లో మొదటిది పెట్టారు. ఆ తర్వాత ఈ బడుల నుంచి వచ్చిన కలెక్టర్లు, డాక్టర్లు ఎందరో.

మూడోది ప్రైవేటు స్కూలు. మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. వాళ్లు మీకు స్విమ్మింగ్ పూల్ చూపిస్తారు, స్మార్ట్ బోర్డు చూపిస్తారు, ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాల కట్ట చూపిస్తారు. మీరు టైమ్‌టేబుల్ అడగండి. పొద్దున ఎన్నింటికి లేపుతారు, రాత్రి ఎన్నింటికి లైట్లు తీసేస్తారు, ఈ రెండు అంకెలు చాలు. పదేళ్ల పిల్లకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. స్టడీ అవర్ రాత్రి పదింటికి అయ్యి, పడుకునేసరికి పదిన్నరై, ఐదింటికి బెల్లు కొడితే ఆరున్నర గంటలు. రోజుకి రెండున్నర గంటల నిద్ర బాకీ. ఆ బాకీ అంతా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జ్వరాలుగా, తలనొప్పులుగా నా దగ్గరికొచ్చేది. ఆదివారం పొద్దున కూడా టెస్ట్ పెడుతున్నారేమో అడగండి. పెడితే ఆ పిల్ల తల స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, కాసేపు ఊరికే కూర్చునేది ఎప్పుడు?

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఏ స్కూలైనా సరే, చూడ్డానికి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని వచ్చేయకండి. సిక్ రూమ్ చూపించమనండి, తర్వాత ఆడపిల్లల బాత్రూమ్‌లు చూపించమనండి. మీరు అమ్మ కాబట్టి మిమ్మల్ని లోపలికి పోనివ్వాలి. పోనివ్వకపోతే సమాధానం దొరికినట్టే.

ఎందుకంటున్నానో చెప్తాను. నేను పనిచేసిన ఒక స్కూల్లో ఆరో తరగతి పిల్ల, జూన్‌లో చేరింది. ఆగస్టులో పొత్తికడుపు నొప్పి అంటూ వచ్చింది. మెస్‌లో కారం ఎక్కువైందేమో అనుకుని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపాను. వారానికి మళ్లీ వచ్చింది, మళ్లీ అదే ఇచ్చాను. మూడోసారి చలిజ్వరంతో వచ్చింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మూత్రపరీక్షలో ఇన్ఫెక్షన్. తగ్గాక కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. వాళ్ల ఫ్లోర్‌లో రెండు బాత్రూమ్‌లకి లోపల గడియ లేదు. పిల్లలు ఇద్దరిద్దరు జతగా వెళ్తారు, ఒకళ్లు తలుపు పట్టుకుంటారు. ఈ పిల్లకి ఇంకా జత కుదరలేదు. అందుకని సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు తాగడం మానేసింది. ఆ గడియ ఖరీదు అప్పట్లో నలభై రూపాయలు. వేయించమని నేను రెండు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. కానీ తప్పు నాది కూడా. మొదటిసారే "నీళ్లు ఎన్ని తాగుతున్నావు" అని అడిగుంటే ఆ పిల్ల నెల రోజులు బాధపడేది కాదు. ఆ తర్వాత కడుపునొప్పి అన్న ప్రతి పిల్లనీ ముందు బాత్రూమ్ గురించే అడిగాను. సగం మందికి సమాధానం అక్కడే దొరికేది. మలబద్ధకమూ అంతే. మురికిగా ఉన్న మరుగుదొడ్లోకి వెళ్లలేక రెండు మూడు రోజులు ఆపుకునే పిల్లలు ఎందరో.

కాబట్టి గడియలు వేసి తీసి చూడండి. కుళాయి తిప్పి చూడండి. మగ్గు ఉందా, లైటు వెలుగుతోందా, శానిటరీ ప్యాడ్లు వేయడానికి మూతున్న డబ్బా ఉందా. ఎంతమందికి ఎన్ని బాత్రూమ్‌లని అడిగి, పొద్దున అందరూ ఒకే గంటలో తయారవ్వాలని గుర్తుపెట్టుకుని మీరే లెక్కేసుకోండి.

సిక్ రూమ్‌లో చూడాల్సింది మందుల బీరువా కాదు, రిజిస్టర్. ఏ రోజు ఎవరొచ్చారు, ఏమిచ్చారు అని రాసుందా? పేజీలన్నీ ఒకే పెన్నుతో ఒకే ఊపులో నింపినట్టుంటే అది ఇన్‌స్పెక్షన్ కోసం రాసింది. పిల్లల ఎత్తు, బరువు నెలనెలా రాస్తారా? రాత్రి పన్నెండింటికి పిల్లకి ఆయాసం వస్తే ఎవర్ని లేపుతారు, ఏ వాహనంలో, ఏ ఆసుపత్రికి? "అన్నీ చూసుకుంటాం మేడమ్" అనేది జవాబు కాదు. పేరు, బండి, ఆసుపత్రి చెప్పగలగాలి. నవోదయలో నర్సు పోస్టు ఉంటుంది, కానీ పోస్టుతో పాటు మనిషి ఉందో లేదో కనుక్కోండి.

గజ్జి గురించి కూడా అడగండి, సిగ్గుపడొద్దు. "మా దగ్గర గజ్జి అనేదే లేదు" అన్న హాస్టల్‌ని నేను నమ్మను. ఒకే గదిలో ముప్పై మంది పడుకునే చోట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే తేడా. ఒక్క పిల్లకే మందు రాస్తే లాభం లేదు. గదిలో ఉన్న అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా పట్టించి, దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండేసి, వారానికి మళ్లీ పట్టించాలి. ఈ మాట వార్డెన్ నోట వస్తే ఆవిడకి పని తెలుసని అర్థం.

వార్డెన్ అంటే గుర్తొచ్చింది. ఆడపిల్లల బ్లాకులో రాత్రి ఎవరు పడుకుంటారు? ఆవిడ అక్కడే ఉంటుందా, పదింటికి ఇంటికెళ్తుందా? ఎన్నేళ్ల నుంచి చేస్తోంది? ప్రిన్సిపాల్ మారినా స్కూలు నడుస్తుంది. ఏడాదికి ఇద్దరు వార్డెన్లు మారుతున్నారంటే లోపల ఏదో బాగాలేదు. మగవాళ్లు, ఎలక్ట్రీషియన్ అయినా సరే, లోపలికి ఎలా వస్తారు, వెంట ఎవరుంటారు అని నిలదీసి అడగండి. కొట్టడం విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. "కొంచెం స్ట్రిక్ట్‌గా ఉంటాం" అని నవ్వుతూ చెప్పేవాళ్లని ఆ నవ్వు ఆపి అర్థమేంటో అడగండి. పాపకి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నేర్పండి, మీ ఇద్దరి ఫోన్ నంబర్లు నోటికి రానివ్వండి.

మెస్ గురించి ఎక్కువ చెప్పను. మెనూ కాగితం ఎక్కడైనా బాగానే ఉంటుంది. చెప్పకుండా ఏదో మంగళవారం రాత్రి భోజనం టైముకి వెళ్లి, పిల్లలు తినే కంచంలోనే మీరూ తినండి. కంచాలు కడిగే చోట ఎంత అన్నం పారేస్తున్నారో చూడండి. తాగే నీళ్ల ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో అడగండి, కామెర్లు వచ్చేది ఆ దారినే.

స్కూలు సంగతి ఇంత చెప్పాను గానీ, పాప సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. పదేళ్లకి అందరు పిల్లలూ హాస్టల్‌కి సిద్ధంగా ఉండరు. మీరు లేకుండా అమ్మమ్మగారింట్లో పదిరోజులు ఎప్పుడైనా ఉందా? అన్నం తనే కలుపుకుని తింటుందా, మీరు ముద్దలు పెడితేనా? జడ వేసుకోవడం, పేలు దువ్వుకోవడం, లోదుస్తులు ఉతుక్కోవడం వచ్చా? అప్పుడప్పుడు పక్క తడుపుతుందా? ఉంటే దాచకండి, వార్డెన్‌కి, నర్సుకి విడిగా చెప్పండి. దాచిన పిల్లలు రాత్రంతా మేలుకుని ఉండటం నేను చూశాను. ఇంకా నెలసరి గురించి. ఐదో తరగతేగా అనుకోకండి, ఆరులో, ఏడులో హాస్టల్‌లోనే రావచ్చు. ప్యాడ్ ఎలా వాడాలో మీ చేత్తో చూపించి పంపండి. మొదటిసారి రక్తం చూసి ఏదో జబ్బనుకుని దుప్పటి ముసుగేసుకుని పడుకున్న పిల్లలు నాకు తెలిసి ఒకరిద్దరు కాదు.

ఇవేవీ రాకపోతే మార్చి నుంచి జూన్ దాకా మూడు నెలలుంది, నేర్పొచ్చు. నేర్పినా అమ్మమ్మగారింట్లో మూడోరోజే వెక్కివెక్కి ఏడ్చి అన్నం మానేస్తే, ఈ ఏడాది మీ ఊరి హైస్కూల్లోనే వేయండి. నవోదయకి, సైనిక్‌కి తొమ్మిదో తరగతిలో మళ్లీ ప్రవేశ పరీక్ష ఉంది. సీట్లు తక్కువే గానీ దారి మూసుకుపోలేదు. మీ అత్తగారు ఆడపిల్ల అన్న కారణంతో వద్దంటే నేను ఒప్పుకోను. కానీ "ఇది ఇంకా పసిది" అంటే మాత్రం ఆవిడ మాట కొట్టిపారేయకండి. పిల్లని రోజూ చూసే మనిషి.

దూరం గురించి మళ్లీ చెప్తానన్నాను. మొదటి నెల పిల్లలు ఏడుస్తారు, అది మామూలే. నాకు ఆదివారం సాయంత్రం ఆరింటికి వరసగా కడుపునొప్పులు వచ్చేవి, పేరెంట్స్ వెళ్లిన గంటకి. మాత్ర ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఊరి సంగతులు అడిగితే ఎనిమిదింటికి భోజనానికి వెళ్లిపోయేవారు. అసలు కష్టం దసరా సెలవుల తర్వాత. జూన్‌లో తెలియక వెళ్తారు, అక్టోబరులో తెలిసి వెళ్లాలి. మా వాడు జూన్‌లో చెయ్యి ఊపుతూ వెళ్లినవాడు దసరా తర్వాత బస్సు మెట్టు ఎక్కనని మొరాయించాడు. అలాంటప్పుడు వారానికోసారి మొహం చూపించగలిగేంత దగ్గర్లో ఉంటే పిల్ల నిలబడుతుంది. అందుకే మద్దిరాల అన్నాను.

ఏడుపు సరే, ఇవి కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా తీసుకొచ్చేయండి: ఫోన్‌లో ఎప్పుడూ పక్కన ఎవరో ఉన్నట్టు పొడిపొడిగా మాట్లాడటం, ఒక టీచరు పేరో వార్డెన్ పేరో ఎత్తితే మౌనం అయిపోవడం, రెండు నెలలు దాటినా నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం. ఫీజు కట్టేశాం కదా, ఏడాది పూర్తవనీ అనుకుని ఉంచేసిన వాళ్లని చూశాను. నలభై వేలు మళ్లీ మిర్చి మీద సంపాదించుకోవచ్చు.

ఆ బరువు సంగతి స్కూలు రిజిస్టర్‌కి వదిలేయకండి. మీ ఇంట్లోనే కాటా ఉంది కదా, పంపే రోజు పొద్దున పాపని దానిమీద నిలబెట్టి ఎంతుందో క్యాలెండర్ మీద రాసిపెట్టండి. దసరాకి ఇంటికి రాగానే, మీరు పిండివంటలు పెట్టకముందే, మళ్లీ తూయండి.